మూడు ఆంప్లిఫయర్లు పెట్టినా హైడ్రోజన్ కనపడలేదు: ఒక డాబా యాంటెన్నా కేసు

ఫోన్ చేసింది మా దోస్తు తమ్ముడు, హన్మకొండ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. "అన్నా, ఇంకో ఎల్ఎన్ఏ కావాలి, గెయిన్ బాగా ఉన్నది చూసి ఇవ్వు" అన్నాడు. ఎల్ఎన్ఏ అంటే సొంత నాయిస్ చాలా తక్కువ కలిపి సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్, ఎంత పెంచుతుందో అది గెయిన్. ఇప్పటికి ఎన్ని ఉన్నాయిరా అంటే మూడు అన్నాడు. మూడు పెట్టుకుని నాలుగోది అడిగేవాడికి నేను సామాను అమ్మను, ముందు వెళ్లి చూస్తా, ఎందుకంటే అక్కడ కచ్చితంగా తక్కువైంది గెయిన్ కాదు. టెలికాం టవర్ల మీద, మైక్రోవేవ్ లింకుల మీద పద్నాలుగేళ్లు పని చేసి ఇప్పుడు చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నాకు కొంచెం పొగరు ఉంది అనుకోండి.

వాళ్లు చేస్తున్నదేంటంటే, కాలేజీ డాబా మీద రేకుతో గరాటులా చేసిన హార్న్ యాంటెన్నా పెట్టి మన గెలాక్సీలోని హైడ్రోజన్ గీతని పట్టుకోవడం. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ స్పిన్ తిరగబడ్డప్పుడు 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే చాలా చిన్న రేడియో సిగ్నల్, 21 సెంటీమీటర్ల వేవ్‌లెంగ్త్. ఇది దొరుకుతుందని 1944లో వాన్ డి హుల్స్ట్ లెక్కగట్టి చెప్పాడు, 1951 మార్చి 25న హార్వర్డ్‌లో ఈవెన్, పర్సెల్ అని ఇద్దరు కిటికీలోంచి బయటికి పెట్టిన ఒక హార్న్‌తో పట్టేశారు. అప్పట్లో అది పెద్ద విషయం, ఇప్పుడు ఒక ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్), ఒక మంచి ఎల్ఎన్ఏ ఉంటే డిగ్రీ పిల్లలు చేసుకోవచ్చు. మరి వీళ్లకి రెండు నెలలైనా ఎందుకు రాలేదన్నదే కేసు.

ఆగస్టు మొదట్లో వెళ్లా. డాబా ఎక్కగానే ముందు యాంటెన్నా కాదు కనపడింది, పక్క బిల్డింగు మీద సెల్ టవర్, మాకూ దానికీ మధ్య దూరం గట్టిగా డెబ్బై మీటర్లు ఉంటుందేమో. దాన్ని చూసి కూడా నేను వెంటనే దాని గురించి ఆలోచించలేదు, ఎందుకంటే చేతికి దగ్గరగా ఇంకో తప్పు దొరికింది, అదే నా బుర్ర తినేసింది. అది తర్వాత చెప్తా.

సెటప్ ఇలా ఉంది. హార్న్ నోరు 75 బై 60 సెంటీమీటర్లు, కూలర్లు చేసే రేకుల షాపులో చేయించారు, పని శుభ్రంగానే ఉంది. ఆ సైజుకి గెయిన్ సుమారు 18 డీబీ వస్తుంది (పది డీబీ అంటే పది రెట్లు, ఇరవై అంటే వంద రెట్లు), అది చూసే మేర, అంటే బీమ్, ఇరవై డిగ్రీల దాకా వెడల్పు, ఈ పనికి చాలు. హార్న్ వెనక వేవ్‌గైడ్‌గా, అంటే తరంగం నడిచే గొట్టంగా, 15 లీటర్ల నూనె డబ్బా, అందులో సిగ్నల్ అందుకునే రాగి తీగ, అదే ప్రోబ్. అక్కడి నుంచి ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో మూడు ఎల్ఎన్ఏ బోర్డులు ఒకదాని వెనక ఒకటి, ఎస్‌పీఎఫ్5189జెడ్ చిప్పులు, నాయిస్ ఫిగర్ (సొంతంగా కలిపే నాయిస్ కొలత) 0.6 డీబీ ఉండే మంచి చిప్పే, మూడూ కలిపి గెయిన్ యాభై దాకా. బాక్సు నుంచి 22 మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్ కింద ల్యాబ్ దాకా, అక్కడ డాంగిల్. పవర్‌కి మొబైల్ చార్జర్ పైన డాబా మీదే ఒక పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టారు, వర్షాకాలంలో.

కొంతమంది ఆర్‌జీ-6 చూసి ముఖం చిట్లిస్తారు, అది టీవీ కేబుల్ కదా, 75 ఓమ్స్ కదా అని. నా లెక్కలో ఇక్కడ అదే సరైన కేబుల్. డిష్ టీవీ ఎల్ఎన్‌బీ (డిష్ ముందుండే తల) నుంచి కిందికి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్, అంటే మన 1420 దాని మధ్యలోనే పడుతుంది, ఆ కేబులు, ఎఫ్ కనెక్టర్లు, స్ప్లిట్టర్లు, పవర్ ఇన్సర్టర్లు అన్నీ ఆ రేంజ్ కోసమే చేసినవి, ఊళ్లో ఏ డిష్ షాపులో అడిగినా దొరుకుతాయి. 50కి 75 మిస్‌మ్యాచ్ వల్ల పోయేది 0.2 డీబీ కూడా లేదు. 22 మీటర్లకి కేబుల్ లాస్ ఆరు డీబీ దాకా ఉంటుంది కానీ అది ఎల్ఎన్ఏ తర్వాత ఉన్నంతవరకు పట్టించుకోనక్కర్లేదు, అదే ఆరు డీబీ ఎల్ఎన్ఏకి ముందు ఉంటే ఆ కేబుల్ ఒక్కటే దాదాపు 900 కెల్విన్ నాయిస్ కలుపుతుంది (నాయిస్‌ని ఉష్ణోగ్రతలా కెల్విన్లలో కొలుస్తాం), ఆట అక్కడితో ఖతం. వీళ్లు ఎల్ఎన్ఏలు పైనే పెట్టారు, అంతవరకు మా తమ్ముడికి మార్కులు వేయాలి.

నేను ఎక్కడికి వెళ్లినా మొదట చేసే టెస్ట్ ఒకటుంది, దానికి ఏ మీటరూ అక్కర్లేదు. హార్న్‌ని ఖాళీ ఆకాశం వైపు పెట్టి పవర్ చూడు, తర్వాత గోడకో నేలకో మొహం తిప్పి చూడు. నేల 300 కెల్విన్, పైన ఆకాశం ఈ ఫ్రీక్వెన్సీలో పది కెల్విన్ లోపే. రిసీవర్ మంచిదైతే తేడా ఐదారు డీబీ కనపడాలి. వీళ్లది 0.9 డీబీ. వెనక్కి లెక్కేస్తే రిసీవర్ నాయిస్ 1250 కెల్విన్, 0.6 డీబీ చిప్పు పెడితే 45 కెల్విన్ లోపల ఉండాల్సింది. పైగా ఆ రీడింగ్ కూడా ఒక దగ్గర నిలబడట్లేదు, నాయిస్ ఫ్లోర్, అంటే సిగ్నల్ లేకపోయినా ఉండే నాయిస్ మట్టం, పైకీ కిందకీ ఊగుతోంది. రాత్రి మూడింటికి కొంచెం తగ్గుతది సార్, సాయంత్రం ఏడింటికి మళ్లీ లేస్తది అని ఒక అమ్మాయి చెప్పింది, నోట్‌బుక్కులో టైములతో రాసి పెట్టింది కూడా. ఆ నోట్‌బుక్కుని ఆ రోజే సరిగ్గా చదివి ఉంటే నాకు ఒక రోజంతా మిగిలేది.

చదవలేదు. ఎందుకంటే నాకు నీళ్లు దొరికాయి. పైన ఎఫ్ కనెక్టర్ విప్పితే లోపలి నుంచి చుక్క కారింది, అల్లిక పచ్చగా చిలుం పట్టి ఉంది. హార్న్ అడుగున కూడా గ్లాసెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఈవెన్ హార్న్‌లో కూడా వాన పడితే నీళ్లు తిన్నగా ల్యాబ్‌లోకి వచ్చేవట, కింద నుంచి పిల్లలు మంచు ముద్దలు అందులోకి విసిరేవాళ్లట, మనకి మంచు లేదు గానీ కోతులు ఉన్నాయి, అవి కేబుల్ పట్టుకుని ఊగిన గుర్తులు గోడ మీద ఉన్నాయి. సరే అని కేబుల్ మొత్తం మార్చా, కనెక్టర్లకి సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు చుట్టా, బాక్సులోకి వెళ్లే ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు వదిలా, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోయేట్టు. హార్న్ నోటికి థర్మోకోల్ షీట్ మూత, ఈ ఫ్రీక్వెన్సీకి థర్మోకోల్ ఉన్నట్టు కూడా తెలియదు. సాయంత్రం ధీమాగా ఆన్ చేస్తే ఆకాశానికీ గోడకీ తేడా 1.0 డీబీ. పిల్లల ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రాత్రి ఇంటికెళ్లాక వెలిగింది. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న బ్యాండ్‌ని రేడియో ఆస్ట్రానమీ కోసం ప్రపంచమంతా రిజర్వ్ చేసి పెట్టారు, అందులో ఎవ్వరూ ఏదీ ట్రాన్స్‌మిట్ చేయకూడదు. మరి అందులో సాయంత్రం ఏడింటికి లేచి తెల్లారుజామున పడుకునేది ఏంటి? మనుషులు ఫోన్లు వాడే టైమ్ అది. టవర్ వాళ్లు ఆ బ్యాండ్‌లో ఏమీ పంపట్లేదు, వాళ్ల బ్యాండ్లలో వాళ్లు రూల్ ప్రకారమే పంపుతున్నారు, ఆ 1420 చెత్త తయారవుతున్నది మన బాక్సులోనే.

మర్నాడు ఒక 10 డీబీ ప్యాడ్, అంటే సిగ్నల్‌ని పది డీబీ తగ్గించే చిన్న ముక్క, జేబులో వేసుకుని వెళ్లా. ఈ కేసు మొత్తానికి పనికొచ్చిన ఇన్‌స్ట్రుమెంట్ అదే, రెండు మూడు వందల రూపాయల వస్తువు. మొదట డాంగిల్ ముందు పెట్టా, నాయిస్ ఫ్లోర్ సరిగ్గా పది డీబీ తగ్గింది, అంటే డాంగిల్ తప్పు లేదు, వచ్చిందే దానికి అలా వస్తోంది. తర్వాత పైకెక్కి మొదటి ఎల్ఎన్ఏకి ముందు పెట్టా. ఫ్లోర్ 16 డీబీ పడింది. పది డీబీ ఆపితే పదహారు పడ్డమేంటని పిల్లలు అడిగారు. నిజంగా బయటి నుంచి 1420లో వచ్చే సిగ్నలైతే పదికి పదే పడుతుంది. రెండు సిగ్నల్స్ ఆంప్లిఫయర్‌లో ఒకదాన్నొకటి కలుపుకుని పుట్టిన పిల్ల అయితే తల్లిదండ్రులు పది తగ్గితే పిల్ల ఇరవయ్యో ముప్పయ్యో తగ్గుతుంది, ఇక్కడ అంత దూరం పడకుండా అడుగున అసలు నాయిస్ తగిలి ఆగింది. ఇంటర్‌మాడ్యులేషన్ అంటే ఏంటో పుస్తకంలో చదువుకున్న పిల్లలకి అది కళ్ల ముందు పడ్డం చూసి బాగా నచ్చింది.

ఎవరెవరు కలుస్తున్నారో చూద్దామని చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్ తిన్నగా ప్రోబ్‌కే పెట్టా. 1840 మెగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 28 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డీబీ), 940 దగ్గర మైనస్ 31, 880 దగ్గర మైనస్ 33, 2310 చుట్టూ మైనస్ 35. హార్న్ ఆకాశం వైపే ఉంది, పక్క చూపుకే ఇంత వస్తోంది. ఇప్పుడు లెక్క చూడండి, 2310లో 890 తీసేస్తే 1420. ఇంకొకటి, 1865ని రెండుతో హెచ్చవేసి 2310 తీసినా 1420. అవన్నీ అక్కడి టవర్ వాడే బ్యాండ్లే. మనకి కావాల్సిన ఆకాశం నాయిస్ డాంగిల్ చూసే రెండు చిల్లర మెగాహెర్ట్జ్‌లో మైనస్ 125 డీబీఎం చుట్టుపక్కల, దానికీ టవర్‌కీ తేడా తొంభై డీబీకి పైనే, అంటే వంద కోట్ల రెట్లకి పైమాటే. ఇక ఆ మైనస్ 28కి యాభై డీబీ కలిపితే ప్లస్ 22, మూడో చిప్పు తన చివరి హద్దులో మూలుగుతోంది. అలా గొంతు పట్టిన ఆంప్లిఫయర్‌కి చిన్న సిగ్నల్స్ మీద గెయిన్ కూడా పడిపోతుంది. సిగ్నల్ రావట్లేదని వాళ్లు ఒకటి తర్వాత ఒకటి తగిలించుకుంటూ పోయారు, ఒక్కోటి పెట్టిన కొద్దీ ఇంకా చెవుడు పెరిగింది.

ఇక్కడ నూనె డబ్బా కథ. వేవ్‌గైడ్‌కి ఒక మంచి గుణముంది, దాని వెడల్పులో సగం వేవ్‌లెంగ్త్ పట్టకపోతే ఆ ఫ్రీక్వెన్సీ లోపల నడవదు. నూనె డబ్బా వెడల్పు 23 సెంటీమీటర్లు, కాబట్టి 650 మెగాహెర్ట్జ్ పైన ఉన్నదంతా హాయిగా లోపలికి వస్తుంది. వీళ్లకి ఎఫ్‌ఎం గోల లేకపోవడానికి కారణం అదే, 850, 900 బ్యాండ్ల గోల ఉండడానికీ అదే. అదే డబ్బా 15 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే కటాఫ్, అంటే లోపలికి రానిచ్చే కింది హద్దు, 1000 మెగాహెర్ట్జ్ అవుతుంది, 1420 దర్జాగా వెళ్తుంది, ఆ వెయ్యికి కింద ఉన్నవి దారిలోనే చచ్చిపోతాయి. ప్రోబ్‌కీ హార్న్ గొంతుకీ మధ్య 20 సెంటీమీటర్ల పొడవు వదిలితే 945 దగ్గర 12 డీబీ, 880 దగ్గర 17, 780 దగ్గర 23 డీబీ తగ్గుతాయని లెక్క. ఒక్క రూపాయి ఇన్సర్షన్ లాస్ (మనకి కావాల్సిన సిగ్నల్‌లో పోయేది) ఖర్చు లేకుండా రేకు పెట్టె చేసే ఫిల్టర్ అది. చాలామంది వేవ్‌గైడ్ అంటే ప్రోబ్ పెట్టుకునే డబ్బా అనుకుంటారు, దొరికిన డబ్బా వాడేస్తారు, నాకు అదే బాధ.

అదే రేకుల షాపులో 15 బై 7.5 సెంటీమీటర్ల పెట్టె చేయించాం, అతుకులు పక్కా టంకం పెట్టించి. ప్రోబ్ వెనక గోడ దూరం 7.4 సెంటీమీటర్లు. వీళ్లు ముందు 5.3 పెట్టారు, 21కి పావు అని, కానీ గైడ్ లోపల వేవ్‌లెంగ్త్ సాగుతుంది, ఈ వెడల్పుకి 29.7 అవుతుంది, పావు దాంట్లోంచి తీయాలి. ప్రోబ్ పొడవు నానోవీఎన్ఏ అనే చిన్న మీటరు పెట్టి మిల్లీమీటరు మిల్లీమీటరు కత్తిరించుకుంటూ వచ్చి 18 డీబీ రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగొచ్చేది అంత తక్కువ) దగ్గర ఆపేశాం. ఇంకా లాగొచ్చు, అవసరం లేదు.

పెట్టె 900ని ఆపుతుంది గానీ 1840నీ 2310నీ ఏమీ చేయదు, వాటికి ఫిల్టర్ కావాలి. ఇప్పుడు అసలు తగాదా, ఫిల్టర్ ఎల్ఎన్ఏకి ముందా వెనకా? పుస్తకం చెప్పేది ఎల్ఎన్ఏ ముందు ఏమీ పెట్టొద్దని, ఎందుకంటే ముందు పెట్టిన ప్రతి డీబీ లాస్ నేరుగా నాయిస్‌లో కలుస్తుంది. తమ్ముడు కూడా అదే పట్టు పట్టాడు. పొలాల మధ్య ఉన్న కాలేజీ అయితే నేను కూడా అదే అంటా. కానీ డెబ్బై మీటర్లలో టవర్ ఉన్నచోట మొదటి చిప్పే మురికి నీళ్లు తాగుతుంటే వెనక వడపోస్తే ఏం లాభం, పుట్టిన చెత్త 1420లోనే పుట్టింది, దాన్ని ఏ ఫిల్టరూ విడదీయలేదు. కాగితం మీద లెక్కేసి చూపించా. 0.5 డీబీ లాస్ ఉన్న కేవిటీ ఫిల్టర్ (లోహపు పెట్టెలో చేసేది) ముందు పెడితే కలిసేది 35 కెల్విన్. మొత్తం సిస్టమ్ 120 చుట్టూ అనుకుంటే, 5 కిలోహెర్ట్జ్ ఛానల్, ఐదు నిమిషాల సగటుకి ఊగులాట 0.1 కెల్విన్. గెలాక్సీ హైడ్రోజన్ ఇలాంటి హార్న్‌కి పదుల కెల్విన్లలో కనపడుతుంది. అంత మిగులున్నప్పుడు 35 కెల్విన్ కోసం పిసినారితనం ఎందుకు? చిన్న సా (SAW) ఫిల్టర్ చిప్పు అయితే లాస్ ఎక్కువ, దాన్ని ముందు పెట్టడానికి నేనూ ఒప్పుకోను.

ఫిల్టర్ చేతితోనే చేశా. మూడు ఇత్తడి కడ్డీలు, 10 మిల్లీమీటర్ల లావు, ఐదు సెంటీమీటర్లకి కాస్త తక్కువ పొడవు, లేత్ మీద కోయించి అల్యూమినియం పెట్టెలో ఒకటి కింద గోడకి ఒకటి పై గోడకి బిగించి, కొసలకి ఎదురుగా ఎం4 స్క్రూలు ట్యూనింగ్‌కి. ఇంటర్‌డిజిటల్ అంటారు దీన్ని. ట్యూన్ చేసి సంబరపడి మూత బిగిస్తే ఫ్రీక్వెన్సీ 20 మెగాహెర్ట్జ్ జరిగిపోయింది, ఎప్పుడు చేసినా ఇదే మర్చిపోతా, మూత బిగించాకే స్క్రూలు తిప్పాలి, మళ్లీ గంటన్నర పట్టింది. చివరికి లాస్ 0.5, వెడల్పు 60 మెగాహెర్ట్జ్. ఎనలైజర్‌లో మైనస్ 28 ఉన్న 1840 మైనస్ 75 కిందికి పోయింది.

ఆంప్లిఫయర్లు మూడింట్లో ఒకటి పీకేశా. మిగతా రెండిటినీ ఒకే అల్యూమినియం పెట్టెలో మధ్యలో రేకు గోడ కట్టి వేరు గదుల్లో పెట్టా, ప్లాస్టిక్ బాక్సులో పక్కపక్కన ఉంటే అవుట్‌పుట్ తిరిగి ఇన్‌పుట్ లోకి కారి వాటంతట అవే కూతపెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. రెండూ కలిపి 32 డీబీ, కేబుల్లో ఆరు పోగా 26 మిగులుతుంది, ఆ 26తో డాంగిల్ సొంత నాయిస్ రెండు కెల్విన్లకి అణిగిపోతుంది. అంతకు మించి గెయిన్ ఇస్తే డాంగిల్ ఎనిమిది బిట్ల బుర్రకి అదనపు బరువే.

పవర్ సంగతి త్వరగా చెప్పేస్తా. చార్జర్ తీసి పారేశా, దాని స్విచింగ్ నాయిస్ దువ్వెన పళ్లలా స్పెక్ట్రమ్ అంతా ఉంది. డాంగిల్ బయాస్ టీ (కేబుల్లోంచే కరెంటు పంపే ఏర్పాటు) నుంచి ఇద్దామంటే ఒక్కో చిప్పు 90 మిల్లీఆంప్స్ తాగుతుంది, రెండిటికి 180, పైగా మామూలు ఆర్‌జీ-6 మధ్య తీగ రాగి పూత వేసిన ఉక్కు, 22 మీటర్లలో అర వోల్టు దాకా తినేస్తుంది. అందుకని కింద పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ నుంచి 12 వోల్టులు డిష్ వాళ్ల పవర్ ఇన్సర్టర్‌తో కేబుల్లోకి పంపి, పైన 7805 రెగ్యులేటర్‌తో ఐదు వోల్టులు చేశా, 7805ని పెట్టె గోడకే బిగించా. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, ఇలా డిష్ సామాను వాడేటప్పుడు ఎవరైనా పొరపాటున సెట్‌టాప్ బాక్సు తగిలిస్తే 13 నుంచి 18 వోల్టులు పైకి వెళ్తాయి, రెగ్యులేటర్ లేకుండా ఉంటే చిప్పులు బూడిదే. కేబుల్ కొసకి ఎర్ర టేపు చుట్టి రాసి పెట్టా. పిడుగుల కాలానికి కేబుల్ లోపలికి వచ్చే చోట గ్యాస్ ట్యూబ్ అరెస్టర్, హార్న్ స్టాండుకి విడిగా ఎర్తింగ్. నేరుగా పిడుగు పడితే ఇవేవీ కాపాడవు, దగ్గర్లో పడ్డవాటికి పనికొస్తాయి.

సెప్టెంబరు ఆఖరి వారం అన్నీ ఎక్కించాం. ఆకాశానికీ గోడకీ తేడా 5.2 డీబీ. లెక్కేస్తే 115 కెల్విన్, నేను ముందు కాగితం మీద వేసిన దానికి దగ్గరే. రాత్రి ఎనిమిదిన్నరకి హంస రాశి, అదే సిగ్నస్, మన అక్షాంశానికి దాదాపు 68 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, హార్న్ అటు పెట్టి ఐదు నిమిషాల సగటు తీయమన్నా. రెండో నిమిషానికే 1420.4 దగ్గర మూపురం లేచింది, దాని పక్కన ఎక్కువ ఫ్రీక్వెన్సీ వైపు ఇంకో చిన్నది. ఆ చిన్నది మన వైపు వస్తున్న వాయువు, ఒక మెగాహెర్ట్జ్ జరిగితే సెకనుకి 211 కిలోమీటర్ల వేగం, ఆ లెక్కన వేగం ఎంతో నోట్‌బుక్కు అమ్మాయే కట్టింది. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు, కాసేపాగి "అన్నా, తీసేసిన ఎల్ఎన్ఏ ఏం చేద్దాం" అన్నాడు. ఇంకో హార్న్ చేసుకోండిరా అన్నా.

అయితే అంతా అయిపోలేదు. మధ్యాహ్నం ఎండకి పెట్టె కాలిపోయి గెయిన్ దాదాపు ఒక డీబీ జారుతోంది, ఆ జారుడు దాదాపు హైడ్రోజన్ మూపురమంత ఉంటోంది, కాబట్టి పగటి రీడింగులు పొద్దున్నవాటితో పోల్చడానికి పనికిరావట్లేదు. తెల్ల రంగు వేశాం, పెట్టెని హార్న్ నీడలోకి జరిపాం, సగం తగ్గింది. సరైన మందు ఏంటంటే ఇన్‌పుట్ దగ్గర రిలే పెట్టి కాసేపు ఆకాశం, కాసేపు 50 ఓమ్స్ లోడ్ చూస్తూ తేడా తీసుకోవడం, ఈవెన్ అప్పట్లో ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ మార్చి తేడా చూసింది కూడా ఇలాంటి తంటా తప్పించుకోవడానికే. లాస్ తక్కువ ఉన్న కోయాక్సియల్ రిలే కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒకతనికి చెప్పి పెట్టా, ఇంకా రాలేదు. అది వచ్చేదాకా గంటకోసారి ఒక పిల్లాడు కర్ర పట్టుకుని డాబా ఎక్కి హార్న్‌ని గోడ వైపు తిప్పి వస్తున్నాడు, కర్ర కోతుల కోసం.